ఇంట్లో కలిపిన నీళ్లా, ఫార్మసీ సీసానా?

ఆందోళనకు వాడే డయాజిపామ్ అనే మందును మానేందుకు కొద్దికొద్దిగా తగ్గించుకునే కొందరు 2 మి.గ్రా. మాత్రను నూరి 20 మి.లీ. నీళ్లలో కలిపి, మిల్లీలీటరుకు 0.1 మి.గ్రా. అని లెక్కేస్తారు. లెక్క సరైనదే, కానీ ఆ మందు నీళ్లలో సరిగా కరగదు. పొడి అడుక్కి దిగుతుంది. పైనుంచి లాగిన సిరంజిలో తక్కువ, అడుగు నుంచి లాగినదాంట్లో ఎక్కువ. గిన్నె గోడలకు అంటుకున్నది వేరే. సిరంజి గీత కొలిచేది నీళ్లనే. నా భయం ఇక్కడే: మోతాదు రోజుకోలా ఊగితే, వణుకు వచ్చినప్పుడు అది మోతాదు తగ్గించడం వల్లో కొలత తప్పడం వల్లో తెలియదు.

బ్రిటన్‌లో 5 మి.లీ.కి 2 మి.గ్రా. ఉన్న డయాజిపామ్ ద్రవం ఫార్మసీలో ఇస్తారు. అది సస్పెన్షన్ (మందు కరగకుండా పొడిగా కలిసి ఉండే ద్రవం) అయితే పొడిని తేల్చి ఉంచే చిక్కటి పదార్థం ఉంటుంది. అయినా బాగా ఊపాలి. నా ఓటు దీనికే. దొరకని చోట డాక్టర్‌తో మాట్లాడి తక్కువ మి.గ్రా. మాత్రలతో మెట్టుమెట్టుగా దిగడం మేలు. హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు.