పన్నెండు గుడ్ల ఇంక్యుబేటర్: పనికొస్తుంది, కానీ థర్మామీటర్ విడిగా కొనుక్కోండి

పిండంలో రక్తనాళాలు ఎలా మొదలవుతాయో బైపీసీ పిల్లలకు బోర్డు మీద ఎన్నేళ్లు గీసి చెప్పినా ఎక్కేది కాదు, అందుకే ఆన్‌లైన్‌లో ఈ చిన్న ఇంక్యుబేటర్ తెప్పించాను. మొదటి విడత గుడ్లన్నీ పోయాయి. డిస్‌ప్లేలో 37.5 డిగ్రీలు చూపిస్తోంది, అనుమానమొచ్చి లోపల థర్మామీటర్ పెడితే 39 దాటింది. చాలా బాధేసింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సెట్టింగ్ ఒకటిన్నర డిగ్రీ తగ్గించుకోమన్నారు, అంతే. తగ్గించాక మాత్రం బాగానే పనిచేస్తోంది.

కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్లు పెట్టకండి, అవి పుంజు లేకుండా పెట్టినవి, పిండం కట్టదు. మేము పుంజుతో కలిసి తిరిగే నాటుకోళ్ల గుడ్లు తెచ్చాం.

మూడు రోజులు నిండాక ఒక గుడ్డును అడ్డంగా పడుకోబెట్టి, సిరంజితో కాస్త తెల్లసొన లాగి, పైన రూపాయి బిళ్లంత పెంకు కత్తిరించాం. పచ్చసొన మీద సన్నటి ఎర్ర దారాల వల, మధ్యలో చుక్కంత గుండె కొట్టుకుంటూ. "ఏ దారం ఎటు పోవాలో ఎవరు చెప్పారు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

కణాలే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. రెండో రోజుకల్లా పచ్చసొన పొర మీద కణాలు చిన్న గుంపులు కడతాయి, వాటిలో బయటివి నాళం గోడ అవుతాయి, లోపలివి రక్తకణాలవుతాయి, గుంపులన్నీ కలిసి వల అవుతుంది. తర్వాత కొత్త కొమ్మ వేయాలంటే చుట్టూ ఉన్న కణజాలం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదులుతుంది. దాన్ని ఎక్కువగా అందుకున్న గోడ కణం ముందుకు కదులుతూ తన ఒంటి మీది డీఎల్ఎల్4 అనే ప్రోటీన్‌ను పక్కదాని మీదుండే నాచ్ అనే ప్రోటీన్‌కు తగిలిస్తుంది. దాంతో ఆ పక్క కణం వీఈజీఎఫ్ అందుకునే గ్రాహకాలను తగ్గించుకుని వెనకే ఉండి గొట్టం కడుతుంది. అన్నీ ముందుకే పరిగెత్తితే గొట్టం ఎక్కడుంటుంది? వీఈజీఎఫ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి లేకపోయినా ఎలుక పిండం కడుపులోనే చనిపోతుందని 1996లో తేలింది. ఇది చెప్పేసరికి క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

మెషిన్ మూత పారదర్శకంగా ఉంది, అది నచ్చింది. నీళ్ల తొట్టి చిన్నది, రెండ్రోజులకోసారి పోయాలి. బ్యాటరీ బ్యాకప్ లేదు, మొన్న గంటసేపు కరెంటు పోతే పిల్లలే దుప్పటి తెచ్చి కప్పారు.