మెడికల్ షాపు పారాఫిన్ క్రీమ్: కడుపుతో ఉన్నప్పుడు మొహానికి వాడి చూశాక

ఈ క్రీమ్‌కి వాసన లేదు. నేను దీన్ని ఇష్టపడటానికి అసలు కారణం అదే, మిగతావన్నీ తర్వాత.

వేవిళ్లు గట్టిగా ఉన్న రోజుల్లో పోపు వేస్తే చాలు, బాత్రూమ్‌లోకి పరుగెత్తేదాన్ని. మా ఆయన గడ్డం గీసుకుని రాసుకునే లోషన్ పక్క గదిలోంచి తగిలినా కడుపులో తిప్పేది. అలాంటప్పుడు ముక్కు కిందే, పెదవుల చుట్టూ, రాత్రంతా ఉండే క్రీమ్‌కి ఏ బాదం వాసనో, గులాబీ వాసనో ఉంటే ఆ బాధ పడినవాళ్లకే తెలుస్తుంది.

నాది ముందు నుంచీ పొడి చర్మమే. కడుపుతో ఉంటే మొహం కళకళలాడుతుందని అందరూ అంటారు కదా, నాకేమో ముక్కు పక్కల పొట్టు లేచింది. హైదరాబాద్ చలికాలం, దానికి తోడు మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకుపోయే రకం. మొహం కడుక్కుని తువ్వాలు అందుకునేలోపే చెంపలు బిగుసుకుపోయేవి. ఆవలిస్తే పెదవి మూలలు చురుక్కుమనేవి. అప్పటిదాకా రాసుకుంటున్న రెటినాల్ సీరమ్‌ని డాక్టరమ్మ మొదట్లోనే మాన్పించేసింది, ఆ రకం విటమిన్ ఎ మందులు కడుపుతో ఉన్నప్పుడు వద్దని. వాటి బదులు రాసిచ్చిందే ఇది: వైట్ సాఫ్ట్ పారాఫిన్ (వాజ్‌లైన్ లాంటిది) 13.2 శాతం, లైట్ లిక్విడ్ పారాఫిన్ (పల్చటి మినరల్ ఆయిల్) 10.2 శాతం. చాలా కంపెనీలు చేసేదే, కొత్తదేం కాదు.

మొహం పూర్తిగా ఆరకముందే రాయాలి. పారాఫిన్ చర్మానికి నీళ్లు ఇవ్వదు, ఉన్న తడి ఆవిరైపోకుండా ఆపుతుంది అంతే. ఆరిపోయిన మొహం మీద రాస్తే పైన జిడ్డు, లోపల అదే బిగుతు. వేడినీళ్లతో మొహం కడగడం మానేసి, సబ్బు పక్కన పెట్టేసి, తడి మీద పల్చగా అద్దుకుంటూ పోతే కొద్దిరోజుల్లోనే పొట్టు తగ్గింది. మంట కూడా లేదు. ఇంతవరకూ వంక పెట్టడానికి ఏమీ లేదు.

తేడా ట్యూబ్ అయిపోయినప్పుడు వచ్చింది. మా వీధి మెడికల్ షాపులో ఆ కంపెనీది లేదు. "కాంపోజిషన్ సేమ్ మేడమ్, ఇది ఇంకా బాగా పోతోంది" అని ఇంకో కంపెనీది చేతిలో పెట్టాడు. అట్టపెట్టె తిప్పి చూశాను. 13.2, 10.2, పాయింటు కూడా తేడా లేదు. ధర కూడా కాస్త తక్కువే. ఆ రాత్రి మొహం కడుక్కుని, తడి మీద రాసుకున్నాక తెలిసింది, పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర జల్లే పన్నీరు వాసన! తిన్న పెరుగన్నం తిన్నట్టే బయటికొచ్చింది. కడుక్కుంటే పోదు, జిడ్డు కదా. పక్కన పెట్టిన ఫేస్‌వాష్ మళ్లీ తీసి రుద్దాను, అయినా దిండు గలీబుకి పట్టేసింది. పొద్దున్నే చూస్తే చెంపలు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సెంటు వల్లో, అంతలా రుద్ది కడిగినందుకో చెప్పలేను. మూత తీసినది వెనక్కి తీసుకోం అన్నాడు షాపతను. మా ఆయన కాసేపు వాదించి వచ్చేశాడు.

తర్వాత డాక్టరమ్మని అడిగితే విషయం తెలిసింది. ఇవి మందుల కింద అమ్మే క్రీములు, చాలావాటి పెట్టె మీద మందు పాళ్లే ఉంటాయి, బేస్‌లో, అంటే మందు కలిపే క్రీమ్ ముద్దలో, ఉండే మిగతావన్నీ రాసి ఉండకపోవచ్చు. అదే కాస్మెటిక్ కింద అమ్మేవాటి మీద ఏమేం కలిపారో మొత్తం జాబితా ఉంటుంది. ఇంటికొచ్చి నా పాత ట్యూబ్ పెట్టె తీసి చదివాను. నేను ఇంతగా మెచ్చుకుంటున్న గుణం దాని మీదా ఎక్కడా రాసి లేదు. అంటే రేపు ఆ కంపెనీవాళ్లు కూడా సెంటు కలిపితే ట్యూబ్ తెరిచేదాకా నాకు తెలిసే దారి లేదు. అందుకే మీరు కొంటే కాంపోజిషన్ చూసి కాదు, మీకు పడిన కంపెనీ పేరు చెప్పి అడగండి. లేదంటే ముందు చిన్న ట్యూబ్ తీసుకోండి.

ఇక ఎండాకాలం సంగతి. శ్రీమంతం అయ్యాక గుంటూరు, పుట్టింటికి వెళ్లాను. (ఆ రోజు పేరంటాళ్లు చెంపలకి గంధం పూయబోతే అమ్మే అడ్డుపడి మెడకి రాయించింది. ఇన్నాళ్లూ నలుగుపిండి పెట్టుకోమని నా వెంటపడిన మనిషే!) మే నెల గుంటూరులో ఈ క్రీమ్ పగలు పెట్టుకోవడం నా వల్ల కాలేదు. కింద చెమట, పైన జిడ్డు, నుదుటి మీద సన్నగా పొక్కులు. పైగా అప్పటికి బుగ్గల మీద మంగు మొదలైంది, జింక్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ తప్పనిసరి అన్నారు. ఈ క్రీమ్ మీద అది నిలవదు, వేలితో రాస్తుంటేనే ఉండలు కట్టి ఊడొస్తుంది. దాంతో రాత్రిళ్లు ముక్కు పక్కల, పెదవుల చుట్టూ మాత్రం రాసుకునేదాన్ని. అంటే చలికాలంలో నేను చెప్పిన గొప్పలన్నీ చలికాలానికే. మంగుకి ఇది చేసేదేమీ లేదు, ఆశ పెట్టుకోకండి.

ఇంకోటి, చివరి నెలల్లో పొక్కులేవీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెడుతుంటే, అందులోనూ రాత్రిళ్లు ఎక్కువవుతుంటే, పొడి చర్మమే కదా అని క్రీమ్ రాసుకుంటూ కూర్చోవద్దు. కాలేయానికి సంబంధించినది అయ్యే అవకాశం ఉంది, ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

కాన్పు అయ్యాక నా ముక్కు మామూలైపోయింది. ఆ పన్నీరు ట్యూబ్ ఇప్పుడు మడమలకి వాడుతున్నా, వాసన బాగానే ఉంది కూడా. కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి. పొడి ఊళ్లో, చలికాలంలో, వేవిళ్లతో ఉన్నవాళ్లకైతే ఇదే కొనమంటాను. జిడ్డు చర్మమైనా, కోస్తా ఎండల్లో ఉన్నా, వాసనలతో ఇబ్బంది లేకపోయినా, సెరమైడ్లు (మన చర్మంలో సహజంగా ఉండే కొవ్వు పదార్థాలు) ఉన్న తేలికపాటి క్రీములు దొరుకుతాయి. ధర మాత్రం దీనికంటే బాగా ఎక్కువ.