వత్తులకు చోటున్న కార్డులు

ఆల్బమ్‌లో ఫోటో పక్కన పెట్టి రెండు మాటలు రాసుకునే చిన్న కార్డుల్ని జర్నలింగ్ కార్డులంటారు. అచ్చు వేసి అమ్మే ఆ కార్డుల మీద నాకు పాత కోపం ఒకటుంది. వాటి మీది గీతలు ఇంగ్లీషు అక్షరాల కోసం గీసినవి. "శ్రీశైలంలో వర్షం" అని రాయబోతే గుడి పై గీతకు తగులుతుంది, వత్తు కింది గీత దాటి అవతలి వరుసలోకి దిగుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే మూడంతస్తులు కావాలి మనకి.

మూడేళ్ళుగా డిజిటల్ కిట్లు, అంటే కంప్యూటర్‌లో వాడుకునే రంగు కాగితాలు, పువ్వుల బొమ్మల కట్టలు కొని కార్డులు నేనే తయారు చేసుకుంటున్నానంటే సగం కారణం ఈ గీతలే. కిట్‌లో వచ్చే పన్నెండంగుళాల కాగితంలోంచి 900 బై 1200 పిక్సెళ్ళ ముక్క తీసుకుంటాను. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున వేస్తే, అది సరిగ్గా 3 బై 4 అంగుళాల కార్డు. దాని మీద 9 మిల్లీమీటర్లకో గీత. పైన శీర్షిక పోగా ఎనిమిది వరుసలు పడతాయి. ఒక ఫోటో గురించి అంతకంటే చెప్పేదేముంటుంది?

కిట్లలో ఎక్కువగా ఇచ్చేది 3 బై 4, 4 బై 6 కార్డులే. అమెరికాలో బెకీ హిగ్గిన్స్ ప్రాజెక్ట్ లైఫ్ పేరుతో జనంలోకి తెచ్చిన జేబుల ఆల్బమ్ కొలతలవి. ఆ ఆల్బమ్‌లు తెప్పించుకోవాలంటే నాకు మనసొప్పలేదు. ఫోటో స్టూడియోల్లో ఇచ్చే ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ కూడా 4 బై 6 కొలతే కదా! రెండు చిన్న కార్డుల్ని పక్కపక్కన పెట్టి ఒకే ఫోటోగా సేవ్ చేస్తాను, మామూలు ఫోటో ధరకే ప్రింటు వేయించి సగానికి కోస్తాను. మిషన్ అంచుల్ని కాస్త తినేస్తుంది కాబట్టి చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. మొదట్లో ముచ్చటపడి వేసిన బోర్డర్లన్నీ ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా వచ్చాయి.

ఇక అన్నప్రాశన సంగతి. వచ్చిన చుట్టాలందరి చేతా పాపకి తలో మాట రాయించి ఆల్బమ్‌లో పెట్టాలని నలభై కార్డులు తయారు చేశాను. కాస్త దళసరిగా ఉండాలని 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 250 గ్రాముల బరువు) కాగితం అనుకున్నాను. మా ఇంటి ప్రింటర్ దాన్ని లాగలేదు. ముందు రోజు సాయంత్రం పాపని ఎత్తుకుని ప్రింటింగ్ షాపుకి వెళ్ళాక చూసుకుంటే తేదీలో ఒక అంకె తప్పు. "మేడమ్, ఓపెన్ ఫైల్ ఉంది కదా, ఇక్కడే మార్చేస్తా" అన్నాడు ఆ అబ్బాయి. మార్చాడు. పాప ఏడుపు. నేను తేదీ ఒక్కటి చూసి సరేనన్నాను.

ఇంటికొచ్చాక కట్ట విప్పింది మా అమ్మ. కళ్ళజోడు సర్దుకుని, "ఏమిటే ఇది, అన్ నప్ రాశనా?" అంది. చూద్దును కదా, నలభై కార్డుల మీదా "అన్‌నప్‌రాశన". నేను వాడిన ఫాంట్ వాళ్ళ కంప్యూటర్‌లో లేదు. తేదీ మార్చగానే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన ఫాంట్ వేసుకుంది, వత్తులన్నీ విడిపోయి వరుసలో నిలబడ్డాయి. తప్పు ఆ అబ్బాయిదేం కాదు, అక్షరాలు ఇంకా మార్చడానికి వీలున్న ఓపెన్ ఫైల్ పట్టుకెళ్ళింది నేను. అప్పటికి షాపు మూసేశారు. టెన్షన్‌తో నాకు చేతులాడలేదు. మా ఆయనే ఆ ఒక్క మాటనీ చిన్న చీటీలుగా ఇంటి ప్రింటర్‌లో తీశారు. ఆయన కోస్తుంటే అమ్మ జిగురు రాసింది, నేను అతికించాను. పన్నెండు దాటింది. మర్నాడు అందరూ "ఎంత బావుందే, పైన చీటీ అతికించినట్టు డిజైన్ చేశావు" అన్నారు. నేను కాదనలేదు.

అప్పటినుంచి షాపుకి జేపెగ్ తప్ప ఇంకేమీ ఇవ్వను. జేపెగ్‌లో అక్షరం కూడా బొమ్మే కాబట్టి ఎవరి కంప్యూటర్‌లోనూ విడిపోదు. బొమ్మలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారాను, అందులో వత్తులు వాటంతటవే కుదురుగా కూర్చుంటున్నాయి. శీర్షికలకి రామభద్ర, లోపలి మాటలకి మండలి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

సొంతంగా చేసుకుంటే డబ్బు మిగులుతుందని రెండేళ్ళ కిందట కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒకసారి కొన్న పువ్వు బొమ్మని వందసార్లు వాడుకోవచ్చు, నిజమే. కానీ నేను కొన్న కిట్లు పదకొండు, వాడింది మూడు. స్క్రీన్ మీద లేత గులాబీలా ఉన్న రంగు కాగితం మీద తడి ఇటుకలా వస్తుంది, దాన్ని దారికి తేవడానికి నాలుగు ప్రింట్లు పోతాయి. గ్లాసీ కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, రాసుకునే కార్డులకి మ్యాట్ కాగితమే కావాలి. మాది విశాఖ. వానాకాలం చెమ్మకి ఇంట్లో ఇంక్‌జెట్‌లో తీసిన కార్డులు కొన్నింటికి రంగు ఊరింది. స్టూడియోలో వేయించినవి మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి. "ఇవి అమ్మొచ్చు కదే" అని మా చెల్లెలు ఒకటే పోరు. నేను కొన్న కిట్లకి సొంత వాడకానికి మాత్రమే అనుమతి ఉంది, చేసినవి అమ్మడానికి లేదు.

నాకు కుదిరిందంటే పాప త్వరగా పడుకుంటుంది, లాప్‌టాప్ ముందునుంచీ ఉంది, స్టూడియో మా వీధి చివరే. ఇవేవీ లేకపోతే ఏం చెప్పాలో నాకు తెలియదు. ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న మా పిన్నికైతే తెల్ల అట్టముక్కా, స్కేలూ చాలు. అయినా ముచ్చటపడిందని 9 మిల్లీమీటర్ల గీతలతో ముప్పై కార్డులు వేసిచ్చాను. ఒకదాని మీద మనవడి గురించి రాసింది. మిగతా ఇరవై తొమ్మిదీ పాల లెక్కకి వాడుతోంది. గీతలు భలే సరిపోయాయట.