శంఖం కప్పు, లాడ్జి చూరు: అండమాన్‌లో అయిదు రోజులు

బరంపురంలో ఇళ్ళ ప్లాన్లు గీసుకుని బతికేవాడు ఎక్కడికి వెళ్ళినా ముందు పైకప్పు వంకే చూస్తాడు. దసరా సెలవుల్లో చెన్నై మీదుగా కుటుంబంతో అండమాన్ వెళ్ళినప్పుడు నేనూ అదే చేశాను. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) 2023 జూలైలో ప్రారంభమైన కొత్త విమానాశ్రయ టెర్మినల్ శంఖాన్ని తలపిస్తుంది. సుమారు 40,800 చదరపు మీటర్ల ఆ భవనంలో పగటి వెలుగు కప్పులోంచే దిగుతుంది. వేడి తగలకుండా కప్పును రెండు పొరలుగా వేశారు, వాననీటిని భూగర్భ ట్యాంకులోకి మళ్ళించారు.

ఆ నీటి విలువ అబర్దీన్ బజారు దగ్గరి లాడ్జిలో తెలిసింది. గది శుభ్రమే, అద్దె న్యాయమే, కానీ కుళాయి పొద్దున్న ఒక్క గంటే వచ్చేది. బయట వాన దంచుతుంటే, రేకుల మీది నీరంతా మా కళ్ళ ముందే కాలువలోకి పోతుంటే, లోపల మేము బకెట్లు లెక్కపెట్టుకున్నాం. రాధానగర్ తీరం అందం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక నేను చెప్పను.

ఆ లాడ్జి వరండాలో కూర్చునే ఒక చిన్న దీవికి టెర్మినల్ గీశాను. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానం దిగే చోటికి ఇంత పెద్ద శంఖం అక్కర్లేదు. గాలి ఇటు నుంచి అటు పోయే ఎత్తైన హాలు, తనిఖీ గదికి మాత్రం ఏసీ, ఉప్పుగాలికి తుప్పు పట్టని బందులు, ఎండా జల్లూ లోపలికి రానివ్వని వెడల్పాటి చూరు చాలు. అయితే చూరుతోనే చిక్కు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, మా పెదనాన్నగారి వరండా కిందికి దూరిన గాలి రేకులను పైకి లేపింది. వరండాకూ ఇంటికీ ఒకే వాసాలు కావడంతో ఇంటి కప్పు కూడా వాటితోనే లేచిపోయింది. పక్కింటివారి వరండా విడిగా కట్టినది, అదొక్కటే పోయింది. అందుకే నా బొమ్మలో చూరును హాలు కప్పుకు కలపకుండా వేరే స్తంభాల మీద నిలిపాను.

మా ఆవిడ కాగితం చూసి, సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని అడిగింది. బరంపురం లెక్కన డెబ్బై మందికి రెండు వందల మందైనా వస్తారు కనుక, వరండాను ఇంకో పన్నెండు అడుగులు పొడిగించాను.