పైకప్పు మీది ఐదు దీపాలు: పాత ట్రక్కుతో 14 ఏళ్ల తర్వాత

ఇంజిన్ గురించీ మైలేజీ గురించీ ఇక్కడ రాయను. ఈ తరం ట్రక్కు నడిపినవారికి అవన్నీ తెలిసినవే. నా గొడవంతా క్యాబిన్ పైకప్పు మీద, ముందు అద్దానికి కాస్త పైన వరుసగా కూర్చున్న ఐదు చిన్న దీపాలతోనే. మూడేళ్ల వాడకం తర్వాత ఈ బండి గురించి మొదటిసారి రాసినప్పుడు వాటిని తెగ మెచ్చుకున్నాను. చీకట్లో ఎదురుగా వచ్చేవారికి బండి ఎత్తు, వెడల్పు దూరం నుంచే తెలుస్తాయని, చూడటానికి కూడా దర్జాగా ఉంటుందని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ ఐదింటి కోసం పైకప్పు రేకుకు ఎన్ని రంధ్రాలు చేశారో అప్పట్లో నేను ఆలోచించలేదు.

తొమ్మిదో ఏట క్యాబిన్‌లో ముక్కిపోయిన వాసన మొదలైంది. ఆ తర్వాత పొద్దున్నే అద్దాలకు లోపలి వైపు ఆవిరి పట్టడం. ఒకరోజు డ్రైవర్ పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చూశాను. పైన రబ్బరు పొడిగానే ఉంది. కింద పరిచిన నార పట్టా మాత్రం పిండితే ధారగా కారేంతగా నానిపోయింది. రబ్బరు మ్యాట్ నీటిని పైకి రానివ్వదు, ఆరనివ్వదు కూడా. ఎన్ని నెలలుగా అలా ఉందో ఎవరికి తెలుసు?

మొదట అనుమానించాల్సింది హీటర్‌ను. అది కారితే వచ్చేది మామూలు నీరు కాదు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా జారుతుంది, తియ్యని వాసన వస్తుంది. నాది ఉత్త నీరే. ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయినా ఇలాగే నేల తడుస్తుంది, కానీ అది ఎండలో కూడా తడుస్తుంది. నా బండి వాన పడితేనే తడిసేది. కాబట్టి నీరు బయటి నుంచే వస్తోందని తేలింది. ఎక్కడి నుంచి అన్నది తేలడానికి మాత్రం మూడు వానాకాలాలు పట్టింది.

మెకానిక్ ఒక్క చూపు చూసి, ముందు అద్దం రబ్బరు బీడింగ్ గట్టిపడిపోయిందన్నాడు. చుట్టూ సిలికాన్ పూశాడు. కొన్నాళ్లు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది. సిలికాన్ మీద నాకున్న కోపానికి వేరే వ్యాసం కావాలి. ఒకసారి పూశాక దాని మీద రంగు నిలవదు, ఇంకో సీలెంట్ అంటదు, చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టుకోదు. ఆరేటప్పుడు పుల్లటి ఘాటు వాసన వచ్చే రకమైతే, అందులోంచి వెలువడే ఆమ్లం రంగు పోయిన రేకును తినేస్తుంది. పైగా లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి కూడా అది మూసేస్తుంది. మరుసటి ఏడు అద్దం తీసి, ఆ సిలికానంతా గీకి, కొత్త బీడింగ్ వేయించాను. మొదటి వానకే మ్యాట్ కింద మళ్లీ తడి.

ఆ తర్వాత వైపర్ల కింద ఉండే జల్లెడ మూత విప్పాను. లోపల నీరు దిగిపోయే కాలువ నిండా కుళ్లిన ఆకులు, మట్టి. రెండు చేతుల నిండా తీశాను. దొంగ దొరికాడని సంబరపడి ఇంట్లో అందరికీ చెప్పాను కూడా. దొరకలేదు. అయినా ఆ పని వృథా కాదు. ఆ కాలువ పూడితే నీరు నిండి, గాలి లోపలికి వచ్చే దారి గుండా క్యాబిన్‌లోకి పొర్లుతుంది. ఏటా వానలకు ముందు శుభ్రం చేసుకోవాల్సిందే.

అసలు ఆచూకీ అనుకోకుండా దొరికింది. ఒక వారం బండిని ఇంటి ముందు వాలులో ఎప్పటిలా కాకుండా ముక్కు పైకి ఉండేలా నిలిపాను. ఆ వారమంతా వానే, కానీ మ్యాట్ కింద చుక్క లేదు. తిప్పి ముక్కు కిందికి పెడితే ఒక్క రాత్రికే తడి. అద్దమో వైపర్ల కింది కాలువో కారుతుంటే ఇంత తేడా ఉండదు కదా అనిపించింది. ముక్కు వంగితే పైకప్పు మీద పడిన నీరంతా ముందుకే వస్తుంది. ముందేముంది? నేను మెచ్చుకున్న దీపాలు.

అప్పుడు చేయాల్సిన పద్ధతిలో చేశాను. లోపల అద్దం పక్క పిల్లర్ ప్లాస్టిక్ తొడుగు విప్పి, రేకు మీద, తీగల మీద టాల్కమ్ పౌడర్ చల్లాను. మా తమ్ముడు టార్చితో లోపల కూర్చున్నాడు. నేను బయట గొట్టంతో కింది నుంచి మొదలుపెట్టాను. ఒక్కో చోట ఐదు నిమిషాలు, సన్నని ధార. పైనుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి ఏది కారుతోందో తెలియదు. తలుపు అంచు, వైపర్ల మూత, అద్దం కింది అంచు, పై అంచు. లోపల అంతా పొడి. దీపాల దగ్గరికి వచ్చిన రెండో నిమిషంలో "అన్నయ్యా, ఆపు!" అని అరిచాడు. వెళ్లి చూస్తే తెల్లటి పౌడర్ మీద పెన్సిల్ గీతంత సన్నని నల్లటి చార. దీపం తీగను పట్టుకుని పిల్లర్ వెంట దిగి, డాష్‌బోర్డు వెనక్కి మలుపు తిరిగి, ఫ్యూజు పెట్టెకు బెత్తెడు దూరంలో నేలకు జారుతోంది. పైకప్పు మీద దూరిన నీటిని మూడేళ్లుగా కాళ్ల దగ్గర వెతుకుతున్నాను.

చివరి దీపం మూత విప్పితే స్పాంజి ప్యాకింగ్ వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. సాకెట్ నిండా పచ్చని చిలుము. ఆ దీపం ఎప్పుడో ఆరిపోయింది. బల్బు పోయిందిలే, ఐదులో ఒకటే కదా అని వదిలేశాను. క్యాబిన్‌లో వాసన రావడానికి ఏడాది ముందే అది ఆరిపోయిందని ఇప్పుడు గుర్తొస్తోంది.

బాగు చేయడం ఒక్క సెలవురోజు పని. రంధ్రం చుట్టూ తుప్పును మెరిసే రేకు కనిపించేదాకా గీకి, తుప్పు నిరోధక ప్రైమర్ వేసి, పైన రంగు పూసి, బాగా ఆరనిచ్చాను. దీపం కింద ఈసారి సిలికాన్ కాకుండా బ్యుటైల్ టేపు, అంటే జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు పట్టీ పెట్టాను. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. రేపు విప్పాలన్నా తేలికగా వస్తుంది. స్క్రూలు ఒకేసారి బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, అందుకే కొంచెం బిగించి, టేపు అణిగాక మర్నాడు ఇంకొంచెం బిగించాను. మిగతా నాలుగూ విప్పి చూశాను. రెండింటి ప్యాకింగ్ అదే బాటలో ఉంది. అన్నిటికీ టేపు మార్చాను.

రెండు వానాకాలాలు గడిచాయి, మ్యాట్ కింద పొడిగానే ఉంది. అలాగని క్యాబిన్‌లోకి చుక్క రాదని రాయలేను. గట్టి ధారతో కడిగితే తలుపు కింది మూలలో ఇంకా కాస్త చెమ్మ కనిపిస్తుంది. తలుపు లోపలికి నీరు చేరడం మామూలే, అది అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోవాలి. తలుపు తొడుగు వెనక ఉండే ప్లాస్టిక్ పొర చిరిగి ఉంటుందని నా అనుమానం. ఇంకా విప్పలేదు. ఇక పక్క సీటు కింద నేల రేకు ఒకచోట జల్లెడై పోయి, అతుకు వేయించాల్సి వచ్చింది.

ఈ బండి కొనమంటారా అని అడిగితే నా జవాబు నా పరిస్థితికే సరిపోతుంది. నాకు షెడ్డు లేదు, బండి ఆరుబయట వాలులో ముక్కు కిందికి ఉంటుంది. షెడ్డు ఉన్నవారికి ఈ బాధ ఎప్పటికీ ఎదురుకాకపోవచ్చు. రోజూ బాడుగకు తిప్పేవారికి గొట్టం పట్టుకుని గంటలు గడిపే తీరిక ఉండదు. పాతది చూడటానికి వెళితే మాత్రం మ్యాట్ పైకి చూసి ఊరుకోకుండా కింద చెయ్యి పెట్టండి, పైకప్పు దీపాలన్నీ వెలిగించి చూడండి. నా బండికి ఇప్పుడు నాలుగే వెలుగుతాయి. ఐదోదాని తీగ లోపలే తెగిపోయింది. దానికోసం పైకప్పు లోపలి తొడుగు మళ్లీ విప్పే ఉద్దేశం నాకు లేదు.