స్కూల్ ఆటగాళ్లకు డ్రగ్ టెస్టా, ముందే చెప్పి నేర్పడమా: ఏది మేలు?

మావాడు హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరిన రోజు కాగితాల కట్ట ఒకటి తెచ్చాడు, అందులో ఒకటి డ్రగ్ టెస్టుకు మా ఒప్పుదల. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఇలాంటివి ఎంత శ్రద్ధగా చదువుతారో తెలిసిందేగా, సంతకం ఎక్కడో చూసి గీకేస్తాం. నేనూ అంతే. తర్వాత అనుమానమొచ్చింది, అసలు ఈ టెస్టులతో ఒరిగేదేంటి అని.

ఆరెగన్ రాష్ట్రంలో వెర్నోనియా అనే చిన్న ఊరి స్కూళ్లలో ఇలాంటి టెస్టుల మీద కేసు 1995లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంట్లోవాళ్లు టెస్టు కాగితం మీద సంతకానికి ఒప్పుకోలేదని ఏడో క్లాసు పిల్లాణ్ణి ఆడనివ్వలేదు. కోర్టు 6-3తో స్కూల్ వైపే నిలిచింది. అప్పట్లో అక్కడి పద్ధతేమిటంటే సీజన్ మొదట్లో అందరికీ టెస్టు, తర్వాత వారం వారం పదిమందిలో ఒకరికి చీటీ వస్తుంది. పిల్లాడు యూరిన్ పోస్తుంటే 12-15 అడుగుల వెనక పెద్దాయన ఒకరు నిలబడతాడు. రెండోసారీ పాజిటివ్ వస్తే పోలీసులకేం చెప్పరు గానీ, ఆరు వారాల కౌన్సెలింగ్‌కైనా వెళ్లాలి, ఆటైనా మానుకోవాలి. కానీ వాళ్లు వెతికింది గంజాయి, కొకైన్, యాంఫిటమిన్ల కోసం, కండ పెంచే స్టెరాయిడ్స్ కోసం కాదు.

స్టెరాయిడ్స్ కోసం వెతికింది మా టెక్సస్. 2003లో ప్లేనోలో 17 ఏళ్ల బేస్‌బాల్ కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు, స్టెరాయిడ్సే కారణమని ఇంట్లోవాళ్లు గట్టిగా పోరాడారు, 2007లో చట్టం వచ్చింది. కోటి డాలర్ల దాకా ఖర్చుపెట్టి 60 వేలకు పైగా పిల్లల్ని టెస్ట్ చేస్తే దొరికింది గుప్పెడు మంది, 2015లో ఆపేశారు. ఫ్లోరిడాలో అయితే 600 మందికి ఒక్కడు! భయంతోనే మానేశారు, అందుకే దొరకలేదు అనేవాళ్లూ ఉన్నారు, కొట్టిపారేయలేం. పైగా ఫ్రెండ్స్ బలవంతపెడితే "నాకు టెస్టుందిరా" అని తప్పించుకోవడానికి పిల్లాడికి ఒక సాకు దొరుకుతుంది, అది నాకు నచ్చింది. కానీ ఆరెగన్ స్కూళ్లలోనే చేసి 2007లో బయటపెట్టిన అధ్యయనంలో, ముందటి నెలలో డ్రగ్స్ వాడినవాళ్ల లెక్క చూస్తే టెస్టులున్న స్కూళ్లకీ లేని స్కూళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

మరి చెప్పి నేర్పడం? అదీ ఎలా చెబుతారన్నదాన్ని బట్టే. మావాడి స్కూల్లో జిమ్‌లో అందర్నీ కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారట. ఏం చెప్పారురా అంటే "ఏదో భయపెట్టారు నాన్నా" అన్నాడు. ఉట్టి భయపెడితే పిల్లలు నమ్మరని 1991లోనే ఒక అధ్యయనంలో తేలింది. ఆరెగన్‌లోనే ఫుట్‌బాల్ పిల్లల కోసం అట్లాస్ అని ఒకటి పెట్టారు, టీమ్‌ను చిన్న చిన్న గుంపులుగా చేసి, గుంపులో ఒక కుర్రాడే నాయకుడుగా, కోచ్ పక్కనుండగా, ఏం తింటే కండ వస్తుంది, బరువులు ఎలా ఎత్తాలి, స్టెరాయిడ్స్ ఏం చేస్తాయి అన్నీ ప్రాక్టీస్‌లో భాగంగానే మాట్లాడుకుంటారు. వాడాలన్న ఆలోచనే తగ్గిందని 1996లో రాశారు. వద్దు అని ఊరుకోకుండా, కండ పెరగడానికి వేరే దారి చూపించారు కదా, అందుకే నాకు ఇదే నయమనిపిస్తుంది. స్కూల్ దగ్గర ఒకదానికే డబ్బుంటే దీనికే పెట్టమంటాను, స్లైడ్లకు కాదు.

మావాడి గదిలో బకెట్ అంత ప్రోటీన్ డబ్బా ఉంది. మొన్న ఇద్దరం కూర్చుని దాని వెనక రాసింది చదివాం. సగం పేర్లకు నాకు నోరు తిరగలేదు, మిగతా సగం ఏంటో వాడికి తెలీదు.