మజ్జిగ సీసా మీద తారీఖు: కువైట్‌లో నాలుగేళ్ళ అరబ్బీ చదువు

కువైట్‌లో అరబ్బీ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేనాటికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. పండితుణ్ణి కావాలని కాదు, కళ్ళ ముందున్న బోర్డును కూడబలుక్కుని అయినా చదవాలని.

మొదటి ఆరు నెలలు ఫోనులో ఒక యాప్‌తో గడిపాను. ప్రయోజనం తక్కువ. ప్రతి పదం కిందా ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, కన్ను అక్కడికే పోతుంది. అరబ్బీ అక్షరం బొమ్మగానే మిగిలిపోతుంది.

దారి చూపింది పిల్లల కాపీ పుస్తకం. అక్షరాలు 28 మాత్రమే, కానీ పదం మొదట్లో, మధ్యలో, చివర రూపం మారుతుంది. భయపడనక్కరలేదు. మన ‘త’కూ త ఒత్తుకూ పోలిక ఎక్కడుంది? అయినా నేర్చుకున్నాం కదా! చేత్తో రాస్తేనే ఇంకో సంగతి పట్టుబడింది. అలిఫ్, దాల్, ధాల్, రా, జా, వావ్ అనే ఆరూ తరువాతి అక్షరంతో కలవవు. అందుకే ఒకే పదం ముక్కలుగా కనిపిస్తుంది.

ఒక రాత్రి మజ్జిగ సీసా మీద గడువు వెతుకుతుంటే ఒక పదం దానంతట అదే పలికింది. తా, అలిఫ్, రా, యా, ఖా. తారీఖ్! తాతయ్య దస్తావేజుల్లోని తారీఖే. వంటింట్లో నిలబడి పదిసార్లు చదువుకున్నాను. తరువాత జవాబు, వకీలు, ఖాళీ ఒక్కొక్కటే ఎదురయ్యాయి. తెలుగువారు ఇలాంటి మాటలతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. వీటిలో దీర్ఘాలు రాతలో కనిపిస్తాయి, అర్థం ముందే తెలుసు.

‘కబురు’ దగ్గర అసలు కష్టం తెలిసింది. అరబ్బీలో అది ‘ఖబర్’, రాతలో ఖ, బ, ర మూడే ఉంటాయి. మామూలు రాతలో హ్రస్వాచ్చులు పెట్టరు. క, త, బ అని ఉన్నది ‘కతబ’ అయితే రాశాడు, ‘కుతుబ్’ అయితే పుస్తకాలు. గుణింతాల మీద పెరిగిన మనకు ఇది పెద్ద పరీక్ష. మాట తెలియకపోతే చదవలేం. వార్తాపత్రికలో ఇప్పటికీ శీర్షికలు దాటలేకపోతున్నాను.

రోడ్డు బోర్డులు రెండు భాషల్లో ఉండటం మాత్రం వరమే. సాల్మియా అనే ప్రాంతం బోర్డు మీద అరబ్బీలో ముందు అలిఫ్, లామ్ ఉంటాయి. లామ్ పలకదు, తరువాతి సీన్ (స) ద్విత్వమై ‘అస్సాలిమియ్యా’ అవుతుంది. సంధులు చదివినవారికి ఇట్టే అందుతుంది.

చేతిరాత ఇంకా లొంగలేదు. అందులో అక్షరాలకుండే రెండు చుక్కలు చిన్న గీతగా మారిపోతాయి. మా భవనం హారిస్ (కాపలాదారు) తలుపుకు అంటించే చీటీలను ఇప్పుడు పారేయడం లేదు. వాటిని చూసి కాపీ పుస్తకంలో రాస్తున్నాను.